గడువు రాయని కాగితం

నా ఉద్యోగంలో చేసిన తప్పుల్లో చాలావాటిని నేను మరిచిపోయాను. ఒకటి మాత్రం మరిచిపోయే వీలు లేదు. దాన్ని లామినేషన్ చేయించి, పూతలపట్టు దాటాక లోపలికి వెళ్ళే ఒక ఊళ్ళో, ఒక ఇంటి వసారా గోడకు మేకు కొట్టి తగిలించారు. ఇప్పటికీ అక్కడే ఉంది. కింద నా సంతకం కూడా ఉంది.

తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి, రెండేళ్ళ కిందట స్వచ్ఛందంగా బయటికొచ్చాను. నా నోటికి భయపడి వాళ్ళే సాగనంపారని చెప్పేవాళ్ళున్నారు. చెప్పుకోనీండి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవంలో అద్భుతంగా నయమైన కేసు ఒకటి చెప్పండి" అంటారు. అద్భుతాలు మీ సార్లు చెప్తారు, సమావేశాల్లో, తెర మీద బొమ్మలేసి మరీ. నేను ఇది చెప్తాను.

మా విభాగంలో నడుము ఆపరేషన్ల రోగులు ఎప్పుడూ ఉండేవారు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ పక్కకు జారి, కాలిలోకి పోయే నరాన్ని నొక్కుతుంది. పిరుదు నుంచి బొటనవేలి దాకా మంట. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తగ్గనివాళ్ళకు, కాలు బలం పోతున్నవాళ్ళకు జారిన ముక్కను తీసేస్తారు. కాలి మంట చాలామందికి త్వరగానే పోతుంది. నడుం నొప్పికి అంత హామీ లేదు. చచ్చుబడిన వేలు పూర్తిగా లేస్తుందో లేదో ఎవరూ ముందు చెప్పలేరు. ఈ మూడు ముక్కలు రోగికి ఆపరేషన్‌కు ముందే విడివిడిగా చెప్పాలని నేను సర్జన్లతో గొడవ పడేదాన్ని.

ఇంకో గొడవ డిశ్చార్జి రోజు గురించి. సర్జన్లు "జాగ్రత్తగా ఉండండి" అని పంపేసేవారు. జాగ్రత్త అంటే ఏమిటి? ఒకాయన పెరుగన్నం మానేశాడు. ఇంకొకావిడ ఫ్యాను కింద పడుకోవడం మానేసింది. అందుకని నేనే కూచుని, అందరికీ అర్థమయ్యే తెలుగులో ఒక కాగితం రాశాను. పదకొండు 'కూడదు'లు. మొదటిది: ముందుకు వంగరాదు. రెండోది: బరువు ఎత్తరాదు. మూడోది: నేల మీద కూచోరాదు. అట్లా కింది దాకా. రోగి పేరు రాసి, సంతకం పెట్టి ఇస్తాం.

మా సర్జన్ దాన్ని చదివి నవ్వాడు. చిత్తూరు మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న, నాతో వాదనకు దిగే ధైర్యమున్న ఒకే ఒక్క డాక్టరు.

"మేడం, ఇది వ్రతం పుస్తకం మాదిరి ఉండాది. కథ ఒకటే తక్కువ."

"కథ మీరు థియేటర్లో చెప్పుకోండి సార్. ఇది పని."

"సరే, ఇవన్నీ ఎన్నాళ్ళు?"

"ఆరు వారాలకు మళ్ళీ చూపించుకోడానికి వస్తారు కదా. అప్పుడు చెప్తాం."

ఆయన కాగితం నా చేతికి తిరిగిచ్చేశాడు. నేను గెలిచాననుకున్నాను.

ఆ కాగితం అందుకున్న వందలమందిలో ఒకాయన గుడి వంటస్వామి. యాభై దాటిన మనిషి. నుదుట నామం, సన్నగా పొడుగ్గా ఉంటారు. ఊళ్ళో చిన్న పెరుమాళ్ళ గుడి. ఆ గుడి వంటింటిని వాళ్ళు మడపల్లి అంటారు. దేవుడికి పెట్టే పొంగలి, పులిహోర, దధ్యోజనం అన్నీ ఈయన చేతి మీదే. కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఎడమకాలి బొటనవేలు పైకి లేవడం లేదు. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేశారు. మర్నాడు నేను లేపి నిలబెడితే కాలు కిందపెట్టి, ఇంకోసారి పెట్టి చూసుకుని, "మంట యాడికి పోయిందమ్మా?" అన్నారు. వెతుకుతున్నట్టే అన్నారు.

డిశ్చార్జి రోజు కాగితం చదివి వినిపించాను. చేతులు కట్టుకుని విన్నారు. మామూలుగా రోగులు మధ్యలో బేరాలాడతారు. బైకెక్కొచ్చా, పెళ్ళికి పోవచ్చా అని. ఈయన ఒకే ఒక్కటి అడిగారు.

"దేవుడి ముందర కూడా వంగకూడదా అమ్మా?"

"దేవుడి ముందర కూడా. ఆయనేమీ అనుకోడు స్వామీ, నాది పూచీ."

వార్డంతా నవ్వింది. నాకు అట్లాంటి జవాబులు చప్పున వచ్చేస్తాయి. అదే నా జబ్బు.

ఆరు వారాలకు, మేం చెప్పిన రోజుకే ఆయన వచ్చారు. నేను లేను. ఆరోజు నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో, పనివాళ్ళు నడుం ఎట్లా కాపాడుకోవాలో ఉపన్యాసం చెప్తున్నాను. ఓపీలో ఉన్న చిన్న డాక్టరు నొప్పి ఉందా అని అడిగింది, లేదన్నారు. కాగితం పాటిస్తున్నారా అంటే పాటిస్తున్నానన్నారు. ఆ పిల్ల ఒకే మాట రాసింది: కంటిన్యూ. మా రిజిస్టరులో ఫలితం గడిలో 'బాగుంది' అని రాశారు. ఎవరూ తప్పు చేయలేదు. నొప్పి లేని మనిషికి 'బాగుంది' అని కాక ఏం రాస్తారు?

తర్వాత ఏడాదిన్నరకు ఒకావిడ కుడి భుజం నొప్పితో నా దగ్గరికొచ్చింది. చెయ్యి పైకెత్తలేకపోతోంది. ఏం పని చేస్తారమ్మా అని అడిగాను.

"ఇంటి పనే. దాంతో పాటు మా ఆయన పనులు."

"ఆయనకేమైంది?"

"నడుం ఆపరేషన్ అయినాది కదమ్మా, ఈడే. మీరే నడిపించినారు. గుడిలో వంట చేస్తారే, ఆయన."

గుర్తొచ్చింది. నొప్పి తిరగబెట్టిందా అన్నాను.

"నొప్పా? నొప్పేం లేదు. రాయి మాదిరి ఉండారు."

"మరి పనులు మీరెందుకు చేయాలి?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "వంగకూడదు కదా. కాళ్ళు నేనే కడగాల. గోళ్ళు నేనే తీయాల. చెంచా కింద పడితే ఎత్తరు, కాలితో గోడ పక్కకు నెట్టి నన్ను పిలుస్తారు. ఏం, మీరే కదా చెప్పింది?"

"గుడికి?"

"పోతారు. ధ్వజస్తంభం కాడ నిలబడి దణ్ణం పెట్టుకోని వస్తారు. మడపల్లికి పోరు. ఆ వాకిలి నడుమెత్తు ఉంటాది, వంగకుండా లోపలికి పోయేదానికి కాదు. పొయ్యిలు నేల మీద. వేరే ఊరి నుంచి ఒకాయన వచ్చి చేస్తాండాడు. ఈ తూరి ఉత్సవాలకు కూడా ఈయన రాకపోతే ఆయన్నే ఖాయం చేస్తామని ధర్మకర్త చెప్పినాడు. ఇంకా రెండు నెలలుండాది. నాకు భుజం సరి చేయండమ్మా, నాలుగిళ్ళల్లో వంటకు కుదురుకుంటా."

భుజం నొప్పికి కారణం నేను పరీక్షించి కనిపెట్టనక్కర్లేదు. నేనే.

నేరుగా సర్జన్ గదికి పోయాను. ఇద్దరు రోగులు కూచుని ఉన్నా పట్టించుకోలేదు.

"సార్, మనం ఒక మనిషిని నిలబెట్టి పాతేసినాం."

ఆయన విని, ఫైలు తెప్పించి చూశాడు. "ఆపరేషన్ బాగానే ఉండాది కదా?"

"మీ ఆపరేషన్ బాగుంది సార్. మనిషే బాగలేడు."

"ఎన్నాళ్ళు అని ఆరోజు నేనడిగినా మేడం. గుర్తుండాదా?"

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన నన్ను గెలిచిన వాదన అదొక్కటే. దాన్ని అంత మెల్లగా అనకుండా ఉంటే నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

వారంలో స్వామి వచ్చారు. నడక చూస్తేనే తెలిసిపోయింది. నడుం దగ్గర ఒక పలక కట్టుకున్నట్టు, మెడ నుంచి తుంటి దాకా ఒకే ముక్క. సర్జన్ పడుకోబెట్టి కాలెత్తి చూశాడు, నరం ఎక్కడా పట్టడం లేదు. ఎమ్మారైలో కొత్తగా ఏమీ జారలేదు. బొటనవేలు ఆపరేషన్‌కు ముందుకంటే నయం, కానీ కుడి వేలంత బలం రాలేదు, ఇక రాకపోవచ్చు. వీపు కండలు మాత్రం వాడక ఎండిపోయాయి.

నా గదికి తీసుకొచ్చి, "వంగండి స్వామీ" అన్నాను.

"వంగరాదు కదమ్మా."

"రాసింది నేనే. వంగమనేదీ నేనే."

ఆయన సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టారు. లామినేషన్ మెరుస్తోంది. "మీరు కోపం చేసుకోవద్దు. ఇది రాతలో ఉండాది. ఇప్పుడు చెప్పేది నోటి మాట. దీంట్లో చాలించమని యాడ రాసినారో చూపించండి, వంగుతా."

పదకొండు వాక్యాలు నేనే మళ్ళీ చదివాను. లేదు. ఎక్కడా లేదు.

"ఏడాదిన్నర! ఒక్కసారి ఫోన్ చేసి అడగలేదేం స్వామీ? చదువుకున్నవాళ్ళు కదా మీరు?"

"ఆరు వారాలకు వచ్చినాను కదమ్మా. ఇట్నే ఉండమన్నారు. మా గుడిలో ఒక నియమం పెట్టినారంటే, పెట్టినవాళ్ళు వచ్చి తీసేదాకా అది ఉంటాది. ఎన్నాళ్ళని అడిగితే చేసేదానికి మనసు లేదనుకుంటారు."

నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. ఆయన ఓపిగ్గా విన్నారు. వంగలేదు.

ఆయన వెళ్ళాక మా విభాగంలో పిండికట్లు కట్టే భాయ్ టీ తెచ్చి నా ముందు పెట్టాడు. నాకంటే పెద్దవాడు, కదిరిలో పుట్టి తిరుపతిలో స్థిరపడ్డాడు. నా అరుపులు గోడ అవతల నుంచి వింటూ ఏళ్ళ తరబడి పనిచేసినవాడు.

"మేడం, గొంతు ఎండిపోయింటాది, తాగండి. ఒక మాట చెప్పేదా?"

"చెప్పకుండా ఉంటావా?"

"మా వాళ్ళకు ఈ ఆపరేషన్ అయితే మర్నాడే అడుగుతారు, నమాజులో ఎప్పుడు వంగొచ్చు అని. దినానికి ఐదు తూర్లు గుర్తొస్తాది కదా. ఇన్ని వారాలు కుర్చీలో చేసుకోండి, ఆ తర్వాత వంగండి అని మీరే లెక్క చెప్పి పంపించేది నేను విన్నాను. ఈ స్వామికి ఎందుకు చెప్పలేదు?"

"ఆయన అడగలేదు కాబట్టి!"

"అడిగినాడు మేడం. దేవుడి ముందర కూడానా అన్నాడు. మీరు నవ్వించినారు."

టీ చల్లారిపోయింది. కేసు షీటు తీసి చూశాను. వృత్తి: వంట. నా చేతిరాతే. వంట అంటే నా తలలో నిలబడి చేసే గ్యాసు పొయ్యి తప్ప ఇంకేమీ మెదల్లేదు. పొయ్యి ఎక్కడుందని అడగలేదు. గుమ్మం ఎత్తు అడగలేదు. ఆసుపత్రి వరండాలో ఎన్ని అడుగులు నడిచాడో రాశాను, కుర్చీలోంచి ఎట్లా లేచాడో రాశాను. ఆయన బతికే చోట కుర్చీయే లేదు.

మర్నాడు మళ్ళీ పిలిపించాను. ఈసారి అరవలేదు. ఆసుపత్రి కాగితం మీద చేత్తో రాశాను: 'ఈరోజు నుంచి, మా దగ్గర నేర్పిన పద్ధతిలో, ముందుకు వంగవచ్చు, నేల మీద కూచోవచ్చు, చెప్పినంత బరువు ఎత్తవచ్చు.' తేదీ వేశాను. సంతకం పెట్టాను. సర్జన్ చేత పెట్టించి ముద్ర వేయించాను. స్వామి దాన్ని రెండుసార్లు చదివి కళ్ళకద్దుకుని, మడిచి నడుముకు దోపుకున్నారు. "ఇప్పుడు చెప్పండమ్మా."

చెప్పడం సులువే. ఏడాదిన్నర పలకలా ఉన్న వీపును మడవడం కాదు. వీపు వెంబడి ఒక కర్ర ఆనించి, తుంటి దగ్గర వంగడం నేర్పాను. మొదట బల్ల ఎత్తుకు, తర్వాత స్టూలు ఎత్తుకు, తర్వాత పీట ఎత్తుకు. ఖాళీ బిందె, కాసిని నీళ్ళ బిందె, సగం బిందె. మూడో వారంలో ఒకరోజు బిందె దించుతూ నడుం పట్టేసి అక్కడే నిలిచిపోయారు. ముఖం తెల్లబోయింది. నా ముఖం ఎట్లా ఉందో నేను చూడలేదు గానీ, భాయ్ పరుగెత్తుకొచ్చింది నా వైపుకే. ఒకసారి ముక్క తీసేసిన చోటే ఇంకో ముక్క జారడం అరుదేమీ కాదు. సర్జన్ వచ్చి చూసి, నరం కాదు, కండ పట్టింది, రెండు రోజుల్లో పోతుందన్నాడు.

స్వామి నమ్మలేదు. నడుములో కాగితాన్ని తడుముకుంటూ కూచున్నారు. అప్పుడు పక్క మంచం మీద భుజానికి కాపడం పెట్టించుకుంటున్న వాళ్ళావిడ లేచి వచ్చింది.

"ఏడాదిన్నర కట్టె మాదిరి ఉండి ఇప్పుడు వంగితే నొయ్యదా? నా చెయ్యి మాత్రం ఊరికే నొస్తాండాదా? పొయ్యి కాడికి మీరు పోతారా, నన్ను నాలుగిళ్ళకు పొమ్మంటారా? అది చెప్పండి ముందు."

ఆమె ముందు నా నోరు ఏపాటి! రెండు రోజుల తర్వాత ఆయన మళ్ళీ బిందె పట్టుకున్నారు.

ఉత్సవాల మొదటి రోజు పొద్దున్నే పూతలపట్టులో బస్సు దిగి ఆటోలో పోయాను. నన్నెవరూ పిలవలేదు. గుడి చిన్నదే. మడపల్లి వాకిలి చూశాను. నిజంగానే నడుమెత్తు. దాని ముందు ధర్మకర్త నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. పక్కన అరుగు మీద, ఏడాదిన్నరగా వంట చేస్తున్న ఆ వేరే ఊరాయన తడిగుడ్డలతో సిద్ధంగా కూచుని ఉన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు, ఆయనకూ ఇల్లుంది.

స్వామి స్నానం చేసి తడిపంచెతో వచ్చారు. మడిలో ఉన్నారు, ఎవరూ ముట్టుకోకూడదు. ఇన్నాళ్ళూ ఆయన వీపు మీద చెయ్యేసి, ఇక్కడ వంగండి, ఇక్కడ కాదు అని దిద్దినదాన్ని. ఇప్పుడు నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. నడుం బెల్టు కూడా లేదు. కుట్టిన గుడ్డ మడికి పనికిరాదని ఇంట్లోనే వదిలేశారు.

"పోతావా సామీ, ఆయన్ను పొమ్మనేదా?" అన్నాడు ధర్మకర్త. "టైమవతాండాది."

స్వామి గుమ్మం ముందు నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. నేను నోరు తెరిచి, వాళ్ళావిడ చూసిన చూపుకు మళ్ళీ మూసుకున్నాను. ఆయన కాళ్ళు కాస్త ఎడం చేసి, మోకాళ్ళు సడలించి, తుంటి దగ్గర వంగారు. నేర్పినట్టే. తల లోపలికి పోయింది, వీపు పోయింది, మడమలు పోయాయి.

తర్వాత కనిపించేదేమీ లేదు. అవతలివాళ్ళు లోపలికి పోకూడదు, తొంగి చూడకూడదు. పొయ్యి రాజుకున్న వాసన వచ్చింది. కాసేపటికి నెయ్యి, మిరియాల వాసన. బియ్యం పోసిన చప్పుడు. అంతలో ఖణేల్‌మని గరిటె రాతినేల మీద పడింది.

అరుగు మీదాయన లేచి నిలబడ్డాడు. ధర్మకర్త వాచీ వదిలేసి గుమ్మం వైపు చూశాడు. నేను వాళ్ళావిడ వైపు చూశాను. ఆవిడ గుమ్మం వైపు ఒక అడుగు వేసి ఆగింది. స్వామి పిలుస్తారని ఎదురుచూస్తోంది. ఏడాదిన్నర అలవాటు.

లోపలి నుంచి పిలుపు రాలేదు. తర్వాత రాయి మీద గరిటె గీసుకున్న చప్పుడు. నీళ్ళతో కడిగిన చప్పుడు. గంగాళం అంచు మీద గరిటెతో రెండుసార్లు కొట్టిన చప్పుడు.

అరుగు మీదాయన భుజాన గుడ్డ దులుపుకుని కూచుంటూ, "పోపు బాగా పడినాది" అన్నాడు. వంట తెలిసినవాడు, వాసన పట్టేశాడు. పెద్ద గంగాళం ఒక్కరే ఎత్తకూడదని నేను ముందే చెప్పి ఉన్నాను. దాన్ని దించేటప్పుడు స్వామే ఆయన్ను లోపలికి పిలిచారు. ఆ ఉత్సవాలు ఇద్దరూ కలిసి చేశారు. తర్వాత కూడా పెద్ద వంట రోజుల్లో ఆయనే వస్తున్నాడట. ధర్మకర్త అంతకంటే గొప్ప ఏర్పాటేమీ చేయలేదు, స్వామి పొయ్యి స్వామికి వదిలేశాడు.

మా విభాగంలో ఆ పదకొండు 'కూడదు'ల పక్కన ఇప్పుడొక గడి ఉంది, 'ఎప్పటిదాకా' అని. దాన్ని నింపకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు. పైన ఇంకో ప్రశ్న కూడా: మీ పని ఏమిటి, ఎక్కడ వంగుతారు? మీలో కొందరు ఆ గడిలో 'మళ్ళీ చెప్పేదాకా' అని రాస్తున్నారని విన్నాను. అట్లా రాసిన చెయ్యి నా కంటబడకుండా చూసుకోండి.

ఆరోజు నైవేద్యం అయ్యాక స్వామి బయటికొచ్చి ఆకులో పొంగలి పెట్టించారు. మడి విడిచాక నడుములోంచి ఆ కాగితం తీశారు. చెమటకూ తడికీ మెత్తబడిపోయింది. దీన్ని కూడా లామినేషన్ చేయించి మొదటిదాని పక్కన తగిలిస్తానన్నారు. మొదటిది చించేయమని వాళ్ళావిడ ఎంత చెప్పినా వినలేదట.

"అమ్మా, దీంట్లో ఈరోజు నుంచి అని రాసినారు. ఎప్పటిదాకా అని లేదే?"

నేను పొంగలి చెయ్యి కడుక్కుని, ధర్మకర్త జేబులోని పెన్ను అడిగి తీసుకున్నాను. సంతకం కింద, చెరిగిపోకుండా నొక్కి రాశాను: గడువు లేదు.